రాముడు ఎవరి ముందు చేయి చాచాడు?

పాత గుళ్ల ప్రాకారాల్లో శాసనాల రాళ్లు చూసే ఉంటారు. ఏళ్ల తరబడి వేసిన సున్నం కింద అక్షరాలు సగం పూడిపోయి ఉంటాయి. పైన రాజుగారి బిరుదులు, మధ్యలో దానం వివరాలు: ఎంత భూమి, హద్దులేమిటి, ఎవరికి. ఈ లెక్కలన్నీ అయ్యాక చివర్లో కొన్ని శ్లోకాలుంటాయి. విజయనగర కాలపు రాగి రేకుల్లోనైతే ఈ శ్లోకం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది:

సామాన్యోఽయం ధర్మసేతుర్నృపాణాం
కాలే కాలే పాలనీయో భవద్భిః ।
సర్వానేతాన్ భావినః పార్థివేంద్రాన్
భూయో భూయో యాచతే రామచంద్రః ॥

ఈ ధర్మమనే వారధి రాజులందరికీ ఉమ్మడిది. ఏ కాలంలో ఉన్నవాళ్లు ఆ కాలంలో దీన్ని కాపాడాలి. ముందు ముందు రాబోయే రాజులందరినీ రామచంద్రుడు మళ్లీ మళ్లీ యాచిస్తున్నాడు. తాత్పర్యం ఇంతే.

యాచిస్తున్నాడు అనే మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. రాముడు అడుక్కోవడమేమిటి? రాజ్యం పోయినా అడగలేదు, అడవికి పొమ్మంటే ఎందుకని అడగలేదు. రామాయణంలో ఆయన ప్రాధేయపడిన ఘట్టం అనగానే నాకు సముద్రం ఒడ్డే గుర్తొస్తుంది. దర్భల మీద పడుకుని మూడు రాత్రులు దారి ఇమ్మని సముద్రుణ్ణి వేడుకున్నాడు. సముద్రుడు పలకలేదు. నాలుగో రోజు విల్లు అందుకున్నాడు, అప్పుడు సముద్రుడు చేతులు జోడించి పైకొచ్చాడు.

ఈ శ్లోకంలో విల్లు లేదు. ఇంకా పుట్టనివాళ్ల మీద రామబాణం కూడా పనిచేయదు కదా! ఐదు వందల ఏళ్ల తర్వాత వచ్చేవాడు తలచుకుంటే ఈ రాయి పగలగొట్టి గోడలో వేసుకోవచ్చు, దాని మీద బట్టలు ఉతుక్కోవచ్చు. అతన్ని ఆపే సైన్యం ఎవరి దగ్గరా లేదు. చేయగలిగిందల్లా అడగడమే. అందుకే భూయో భూయో.

దీనితో పాటు ఇంకో శ్లోకం కూడా చాలా శాసనాల్లో ఉంటుంది. రాయిని బట్టి మాటలు కొంచెం మారుతుంటాయి:

మద్వంశజాః పరమహీపతివంశజా వా
పాపాదపేతమనసో భువి భావిభూపాః ।
యే పాలయంతి మమ ధర్మమిదం సమగ్రం
తేషాం మయా విరచితోఽంజలిరేష మూర్ధ్ని ॥

నా వంశంలో పుట్టినవాళ్లు కానీ, వేరే రాజవంశంలో పుట్టినవాళ్లు కానీ, పాపచింతన లేకుండా నా ఈ ధర్మాన్ని కాపాడే రాబోయే రాజులకు ఇదిగో తల మీద చేతులు జోడించి దండం పెడుతున్నాను.

పెద్దవాళ్లకు దండం పెట్టడం మనకు తెలుసు. పోయినవాళ్లకు తర్పణం వదలడం తెలుసు. ఇక్కడ రాజు దండం పెడుతున్నది పుట్టబోయేవాళ్లకు. పైగా సొంత వంశమే కానక్కర్లేదంటున్నాడు. రేపు ఈ సింహాసనాన్ని గెలుచుకునేవాడు తన శత్రువు మనవడు కావచ్చని అతనికి తెలుసు. వాడికీ దండం పెట్టాడు.

మన సంగతి చూడండి. ముందు తరం అనగానే మన మనసులోకి వచ్చేది మన పిల్లలే. వాళ్ల ఫీజు, వాళ్ల పేరు మీద ఒక ఫ్లాటు, అమ్మాయికి నాలుగు తులాల బంగారం. తప్పని ఎవరంటారు? కానీ అది కుటుంబం పని. ఈ శ్లోకాలు అడుగుతున్నది పరాయివాళ్ల పిల్లల కోసం. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడంటుంది. ఋషుల రుణం బ్రహ్మచర్యంతో, దేవతల రుణం యజ్ఞంతో, పితృదేవతల రుణం సంతానంతో తీరుతాయి. ఆ మూడోది కాస్త వింతైన బాకీ. అప్పు ఇచ్చినవాళ్లు వెళ్లిపోయారు, చెల్లింపు మాత్రం వెనక వచ్చేవాళ్లకు చేయాలి.

సంతానం లేనివాళ్ల మాటేమిటని మన పెద్దలు ఆలోచించకపోలేదు. కొడుకుతో పాటు చెరువు, గుడి, తోట, కావ్యం, నిధి, అగ్రహారం కలిపి సప్తసంతానాలన్నారు. చెరువు తవ్విస్తే కొడుకును కన్నట్టే. తెలుగునేల మీద ఈ నమ్మకం ఎన్ని ఊళ్లకు నీళ్లిచ్చిందో! కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారంలో చెరువు తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆయన కాలంలోనే జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. రేచర్ల రుద్రుడు పాలంపేటలో గుడీ చెరువూ రెండూ కట్టించాడు. ఆ రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అందరం సంతోషించాం. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. నా దృష్టిలో అదీ అంత గొప్ప సంగతే, కానీ దాని ఫోటో ఎవరూ పెట్టుకోరు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. శక సంవత్సరం 1291, అంటే 1369. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ ఈ చెరువు కట్టించి అనంతరాజ సాగరమన్నాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనమే చెబుతుంది. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు. కట్ట పని ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఈ లోటును గమనించకుండా ఉండలేరు.

అందులో జలదానం గొప్పతనం గురించి శ్లోకాలున్నాయి, సప్తసంతానాల ప్రస్తావన ఉంది. అక్కడితో ఆగకుండా మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు. పన్నెండులో మొదటిది ధర్మం తెలిసిన, డబ్బున్న, కీర్తి మీద ఆశ ఉన్న రాజు. కీర్తి మీద ఆశను దాచిపెట్టకుండా రాసుకోవడం నాకు నచ్చింది. తర్వాత నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి నేల, తీపి నీళ్ల నది, చివర్లో కట్టడం పని తెలిసిన మనుషులు. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేలు వీపులా మెరక ఉండటం ఉన్నాయి. ఇంకొకటి, నీళ్లు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం. ఇంతా చేసి ఇది పుణ్యం కోసం చెక్కించిన రాయి. ఆయకట్టు లెక్క తప్పితే పుణ్యం కూడా తప్పుతుందని ఆ రోజుల్లో వాళ్లకు అనుమానమే లేదు. బోరు మీద బోరు వేసి, పక్కవాడికంటే వంద అడుగులు లోతుకు పోయి, భూమిలో ఎంతుందో చూడకుండా పంట పెట్టే మనం ఆ దోషాన్ని ఎక్కడ రాసుకోవాలో తెలియదు.

చెరువు కట్టించినవాడితోనే బతకదు. ఏటా పూడిక తీయాలి, కట్ట మీద మొలిచిన చెట్ల వేళ్లు పట్టు తప్పించకుండా చూడాలి, తూము సరిచేయాలి, మత్తడి దగ్గర, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే చోట, రాళ్లు కదిలితే పేర్చాలి. ఈ పని కోసమే దశబంధం మాన్యాలు, అంటే చెరువు బాగోగులు చూసేవాళ్లకిచ్చే భూములు ఉండేవి, నీళ్లు వంతుల వారీగా వదలడానికి నీరటివాళ్లు ఉండేవాళ్లు. శాసనాల చివర వచ్చే మరో శ్లోకం ఈ సంగతి సూటిగా తేల్చేసింది: దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్, దానాత్ స్వర్గమవాప్నోతి పాలనాదచ్యుతం పదమ్. ఇవ్వడం, కాపాడటం రెండింటిలో కాపాడటమే మేలు. ఇస్తే స్వర్గం, కాపాడితే జారిపోని స్థానం. స్వర్గానికి వెళ్లినవాడు పుణ్యం అయిపోగానే తిరిగి రావాలి. కాపాడినవాడికి ఆ ఇబ్బంది లేదట.

మనకు ఈ వరస తిరగబడింది. గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరుంటుంది, మెట్టు మెట్టుకూ పేరుంటుంది, ట్యూబులైటు మీద పేరు ఎంత పెద్దగా రాస్తారంటే వెలుతురు తగ్గిపోతుంది. అదే గుడి కోనేట్లో వాటర్ బాటిళ్లు, పాత పటాలు, పూల కవర్లు తేలుతుంటాయి. కోనేరు పూడిక తీయించిన దాత అని బోర్డు నేను చూడలేదు. కొత్త రాజగోపురానికి చందా ఇస్తాం. పాత కాలువకు ఇవ్వం. కాలువ కనబడదు మరి.

ప్లాటు కొనేటప్పుడు కూడా ఇంతే. వాస్తు సిద్ధాంతిని పిలుస్తాం, ఈశాన్యంలో నీళ్లుండాలని పట్టుబడతాం. ఆ ప్లాటే చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో ఉందా, వాగు దారిలో ఉందా అని రికార్డులు తిరగేసేవాళ్లు తక్కువ. ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, భూమి పూజ చేస్తాం. అథర్వవేదంలోని భూమి సూక్తం అలాంటప్పుడు చెప్పుకోదగింది: యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు, మా తే మర్మ విమృగ్వరి మా తే హృదయమర్పిపమ్. తల్లీ, నీలో నేను తవ్వింది త్వరగా పూడి మొలకెత్తుగాక, నీ ఆయువుపట్టును, నీ గుండెను నేను గాయపరచకుందును గాక. చెరువు కడుపులో పిల్లర్లు దించుతూ ఈ మంత్రం చదివితే ఎలా ఉంటుంది? 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. వాన ఎక్కువ కురిసిన మాట నిజమే. నీళ్లకు పాత దారులు గుర్తున్న మాటా నిజమే. అలా మునిగిన ఇళ్లలో చాలామంది ఆ ప్లాటు చేసినవాళ్లు కారు, అమ్మినవాళ్లు కారు. తర్వాత కొనుక్కున్నవాళ్లు, అద్దెకున్నవాళ్లు. పరాయివాళ్ల పిల్లలు.

ఇక్కడ ముసలమ్మ కథ చెప్పకుండా ఉండలేను. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు. వానలకు కట్ట తెగబోతుంటే ఒక ఇంటి చిన్న కోడలు ముసలమ్మను బలిస్తే తప్ప నిలవదని వాక్కు వినపడిందట. ఆమె ఇంట్లోవాళ్లకు చెప్పి వచ్చి గండిలో నిలబడింది, కట్ట నిలిచింది. ఇప్పటికీ దాన్ని ముసలమ్మ కట్ట అంటారు, పూజలు చేస్తారు. ఆమె త్యాగానికి నేనూ దండం పెడతాను. కానీ ఊరు మొత్తంలో ఎవరో ఒకరు పోవాలన్నప్పుడు వాక్కు చిన్న కోడలి పేరే ఎందుకు చెప్పిందన్న ప్రశ్న కూడా నన్ను వదలదు. కట్టను ఎండాకాలంలో ఊరంతా కలిసి చూసుకుని ఉంటే వానాకాలంలో ఒక ఆడపిల్లను అడగాల్సి వచ్చేది కాదేమో. తెలంగాణలో చెరువు నిండితే కట్ట మైసమ్మకు బోనం పెడతారు. కట్టకు ఒక దేవత ఉండటంలో ఉన్న తెలివి ఇదే అనుకుంటాను: ఏడాదికొకసారైనా ఊరు కట్ట మీదికి రావాలి, దాన్ని కళ్లతో చూడాలి.

బతుకమ్మ రోజుల్లోనూ అంతే, తంగేడు, గునుగు పూలతో పేర్చి చెరువుకే సాగనంపుతారు. చెరువు లేని కాలనీల్లో ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్లు పోసి అందులో వదులుతున్నారు. పాపం, వాళ్లేం చేస్తారు? ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వినాయకుణ్ణి చెరువులో వేసేవాళ్ల కన్నా ఆ టబ్బే నయం.

మనమేమన్నా రాజులమా, ఆ శ్లోకం మనకెందుకు అనుకోవచ్చు. దానికీ శాసనాల్లోనే జవాబుంది. యస్య యస్య యదా భూమిస్తస్య తస్య తదా ఫలమ్. ఎప్పుడు ఎవరి చేతిలో భూమి ఉంటే అప్పుడు ఫలం వాళ్లది. పట్టా ఉన్నవాడు, ఓటున్నవాడు, గుడి కమిటీలో చేయి ఎత్తేవాడు, అపార్ట్‌మెంట్ మీటింగులో బోరా, ఇంకుడు గుంతా అని నిర్ణయించేవాడు, అందరూ పార్థివేంద్రులే. 1369లో ఆ చెరువు కట్టించినప్పుడు భావి అంటే మనమే. అప్పుడు రాముడు చేయి చాచింది మన ముందే.

శ్రీరామనవమి చైత్రంలో వస్తుంది. చెరువుల్లో నీళ్లు అడుగంటే రోజులు, పూడిక తీయడానికి ఏడాదిలో అనువైన కాలం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, ఆ ఒండ్రు ఎరువులా పనికొస్తుంది. మన నవమి కమిటీలు పందిరికి, పానకానికి, మైకుకు, తలంబ్రాలకు ఎలాగూ చందాలు వసూలు చేస్తాయి. ఈసారి అందులో ఒక వంతు పక్కన పెట్టి, కల్యాణం అయిన వారంలోనే నీటిపారుదల శాఖవాళ్లతో మాట్లాడి, ఊరి చెరువులోకి నీళ్లొచ్చే కాలువ కంప కొట్టించండి. ఊళ్లో చెరువు లేకపోతే గుడి కోనేరుంది, అదీ లేకపోతే గుడి ఆవరణలో ఒక ఇంకుడు గుంత తవ్వించండి. రసీదు పుస్తకంలో ఆ ఖర్చుకు ఒక గడి వేయించుకుంటే వచ్చే ఏడాది కమిటీ మారినా అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.