పోకెమాన్‌కి ఏ ఐటెం ఇవ్వాలి: ముందు లోటు ఎంతో లెక్క కట్టండి

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా మన కుర్రాళ్ళు చూపించే టీమ్‌లలో పోకెమాన్ ఎంపిక బాగానే ఉంటుంది, మూవ్‌లూ సరిగానే ఉంటాయి. ఐటెం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడో చూసింది దించేస్తారు. గార్‌చాంప్‌కి రాకీ హెల్మెట్ ఎందుకు పెట్టావని అడిగితే "అందరూ అదే పెడతన్నారు కదన్నా" అంటారు. అలా పెట్టిన మొదటివాడికి తన టీమ్‌లో ఒక కారణం ఉండి ఉంటుంది. ఆ కారణం మన టీమ్‌లో ఉందో లేదో చూసుకోకుండా ఐటెం ఒక్కటీ తెచ్చుకుంటే పని జరగదు.

పోకెమాన్ పట్టుకోగలిగేది ఒక్క ఐటెమే. యునైట్ అనే మరో పోకెమాన్ ఆట ఆడి ఇటు వచ్చినవాళ్ళకి మొదట్లో ఇది ఇబ్బందిగా ఉంటుంది. అక్కడ ఒక్కోదానికి మూడు ఐటెంలు, పైగా వాటి లెవెల్ పెంచుకుంటూ పోవచ్చు. అసలు సిరీస్‌లో 1999లో గోల్డ్, సిల్వర్ వచ్చినప్పటి నుంచీ ఒకటే ఐటెం, దానికి లెవెల్ లేదు. లెఫ్టోవర్స్ ఎవరి చేతిలో ఉన్నా టర్న్ చివర మొత్తం హెచ్‌పీలో (ప్రాణంలో) 16వ వంతే ఇస్తుంది. అందుకే "ఏ ఐటెం మంచిది" అని అడిగితే నేను జవాబు చెప్పను. ఈ పోకెమాన్‌కి ఎక్కడ తక్కువ పడుతోంది, ఎంత తక్కువ పడుతోంది అన్నది తేలితే ఐటెం దానంతటదే తేలుతుంది.

ఆన్‌లైన్‌లో పోకెమాన్ పోరాటాలు ఆడే షోడౌన్ సైట్ టీమ్‌బిల్డర్‌లో ఐటెం గడి ఖాళీగా వదిలేసి మిగతా సెట్ అంతా రాయండి. తర్వాత డ్యామేజ్ కాలిక్యులేటర్ తెరిచి, ఈ పోకెమాన్‌ని ఎవరిని కొట్టడానికి తెచ్చారో వాళ్ళని ఎదురుగా పెట్టండి. అక్కడ ఒకే అంకె రాదు, కనిష్ఠం, గరిష్ఠం వస్తాయి. ప్రతి దెబ్బనీ ఆట 85 నుంచి 100 శాతం మధ్య ఉన్న 16 అంకెల్లో ఒకదానితో గుణిస్తుంది కాబట్టి. మీరు నమ్మాల్సింది కనిష్ఠాన్ని.

ఒక మూవ్ ఎదుటివాడి హెచ్‌పీలో 70 నుంచి 83 శాతం తీస్తోందనుకోండి. మిస్టిక్ వాటర్, చార్‌కోల్ లాంటి టైప్ ఐటెం 1.2 రెట్లు పెంచుతుంది: 84 నుంచి 99.6. అంటే ఎన్నిసార్లు కొట్టినా ఒక్క దెబ్బకి పడడు. లైఫ్ ఆర్బ్ 1.3 రెట్లు: 91 నుంచి 108. ఒకసారి పడతాడు, ఒకసారి పడడు. చాయిస్ బ్యాండ్ గానీ స్పెక్స్ గానీ 1.5 రెట్లు: కనిష్ఠమే 105, ఖాయంగా పడతాడు. కాకపోతే చాయిస్ ఐటెం ఒకే మూవ్‌కి కట్టేస్తుంది. ఇక్కడే చాలామంది చాయిస్ ఐటెం పెట్టేసి ఆగిపోతారు. ఒక్క నిమిషం ఆగి చూడండి. మీ టీమ్‌లో స్టెల్త్ రాక్ (లోపలికి వచ్చేవాళ్ళకి గుచ్చుకునే రాళ్ళు) వేసేవాడు ఉంటే, రాక్ టైప్‌కి మామూలుగా దెబ్బ తగిలే పోకెమాన్ లోపలికి వస్తూనే 12.5 శాతం పోగొట్టుకుంటుంది. ఇక మీరు తీయాల్సింది 87.5. లైఫ్ ఆర్బ్ కనిష్ఠం 91 దానికి సరిపోతుంది, పైగా నాలుగు మూవ్‌లూ మీ చేతిలోనే ఉంటాయి. అయితే ఎదుటివాడి దగ్గర లెఫ్టోవర్స్ ఉండి ఒక టర్న్ లోపల కూర్చున్నాడంటే 6.25 శాతం తిరిగొచ్చి 93.75 దగ్గర ఉంటాడు, మళ్ళీ గ్యారంటీ పోతుంది. వాడు హెవీ డ్యూటీ బూట్స్ తొడుక్కుని వస్తే స్టెల్త్ రాక్ లెక్కే ఉండదు. ఇంత చూశాకే చాయిస్‌కి వెళ్ళాలా, లైఫ్ ఆర్బ్ చాలా అన్నది తేలేది.

లైఫ్ ఆర్బ్ ఖరీదు మర్చిపోకండి: మన దెబ్బ ఎదుటివాడికి తగిలిన ప్రతిసారీ మన హెచ్‌పీలో పదో వంతు పోతుంది. కింది భిన్నం వదిలేస్తారు కాబట్టి హెచ్‌పీ 160 ఉంటే 16 పోతుంది, 159 ఉంటే 15. లైఫ్ ఆర్బ్ సెట్‌లో హెచ్‌పీ చివరి అంకె 9 అయ్యేలా చూసుకోవడం అందుకే. షీర్ ఫోర్స్ ఎబిలిటీ (మూవ్ అదనపు ప్రభావం వదిలేసి దెబ్బ పెంచే గుణం) ఉన్న లాండోరస్ లాంటివాటికి, షీర్ ఫోర్స్ వర్తించే మూవ్ వాడినప్పుడు ఆ నష్టం కూడా ఉండదు. అలాంటివాడికి లైఫ్ ఆర్బ్ తప్ప వేరేది ఇవ్వడానికి చాలా గట్టి కారణం కావాలి.

వేగం దగ్గరే ఎక్కువ తప్పులు చూస్తున్నాను. చాయిస్ స్కార్ఫ్ వేగాన్ని 1.5 రెట్లు చేస్తుంది, బదులుగా ఒకే మూవ్‌కి కట్టేస్తుంది. స్కార్ఫ్ పెట్టగానే అందరికన్నా ముందుంటాం అనుకోవడం పొరపాటు, ఎవరిని దాటాలో పేరు పెట్టి చూసుకోవాలి. ఘోల్డెంగోనే తీసుకోండి. బేస్ వేగం (ఆ జాతికి పుట్టుకతో ఉన్న అంకె) 84. లెవెల్ 100లో వేగానికి 252 ఈవీలు (మనం పంచుకునే శిక్షణ పాయింట్లు) పెట్టి, వేగం పెంచని మోడెస్ట్ నేచర్ (ఒక స్టాట్ పెంచి ఇంకోటి తగ్గించే స్వభావం) ఇస్తే 267. స్కార్ఫ్‌తో 400. బేస్ 142 ఉన్న డ్రాగాపల్ట్, వేగం పెంచే నేచర్‌తో పూర్తిగా పెట్టుకుంటే 421. అంటే స్కార్ఫ్ కట్టిన ఘోల్డెంగో కూడా వెనకే. అదే వేగం పెంచే టిమిడ్ నేచర్ అయితే 293, స్కార్ఫ్‌తో 439, డ్రాగాపల్ట్‌ని దాటేస్తుంది. దెబ్బలో పదో వంతు తగ్గుతుందని టిమిడ్ వద్దంటారు. డ్రాగాపల్ట్‌ని ఆపడానికే స్కార్ఫ్ పెట్టుకుంటే ఆ పదో వంతు ఇచ్చుకోక తప్పదు. ఆపడం అవసరం లేదంటే స్కార్ఫ్ ఎందుకన్నది మొదటి ప్రశ్న అవుతుంది.

బూస్టర్ ఎనర్జీది మరో రకం లెక్క. అది స్కార్లెట్, వయొలెట్‌లో వచ్చిన పారడాక్స్ పోకెమాన్‌లకే పని చేస్తుంది, వాటి స్టాట్‌లలో అన్నిటికన్నా ఎక్కువున్న దాన్ని పెంచుతుంది: వేగమైతే 1.5 రెట్లు, మిగతా ఏదైనా 1.3 రెట్లు. ఫ్లట్టర్ మేన్‌కి స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, వేగం మూడూ బేస్ 135. లెవెల్ 50లో స్పెషల్ అటాక్‌కీ వేగానికీ 252 చొప్పున పెట్టి టిమిడ్ ఇస్తే వేగం 205, స్పెషల్ అటాక్ 187. బూస్ట్ వేగానికి వెళ్తుంది. మోడెస్ట్ ఇస్తే ఆ అంకెలు తారుమారై బూస్ట్ స్పెషల్ అటాక్‌కి పోతుంది. రెండూ సమానమైతే స్పెషల్ అటాక్‌దే పైచేయి. వేగం కావాలనుకుని మోడెస్ట్ పెట్టినవాడికి మొదటి టర్న్‌లో వేరే మెసేజ్ కనిపిస్తుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు.

సింగిల్స్‌లో (ఒకరికి ఒకరు ఎదురుగా ఆడే పోరులో) లోపలికీ బయటికీ తిరిగేవాళ్ళ సంగతి చూద్దాం. చారిజార్డ్ ఫైర్, ఫ్లైయింగ్ కలిసినది కాబట్టి స్టెల్త్ రాక్ దాని హెచ్‌పీలో సగం తీస్తుంది. 2019లో స్వోర్డ్, షీల్డ్‌తో హెవీ డ్యూటీ బూట్స్ వచ్చే వరకూ ఇలాంటివాటిని ఆడించడం చాలా కష్టంగా ఉండేది. బూట్స్ కాకుండా వేరే ఐటెం పెట్టాలనుకుంటే హెచ్‌పీ బేసి సంఖ్య ఉండేలా చూడండి. లెవెల్ 100లో హెచ్‌పీ ఈవీ ఏమీ పెట్టని చారిజార్డ్‌కి 297. సగమంటే 148, రెండుసార్లు లోపలికి వచ్చినా 1 మిగులుతుంది. మిగిలిపోయిన 4 ఈవీలూ అలవాటుగా హెచ్‌పీలో పడేస్తే 298 అవుతుంది, సగం 149, రెండోసారికి అడుగు పెడుతూనే చస్తుంది. ఆ 4 ఈవీలు డిఫెన్స్‌లో వేయండి.

ఫోకస్ శాష్‌ని సింగిల్స్‌లో మొదట దిగేవాడికే ఇవ్వాలి. నిండు హెచ్‌పీ ఉన్నప్పుడే అది ఒక దెబ్బకి 1 హెచ్‌పీతో కాపాడుతుంది. స్టెల్త్ రాక్ ఒక్కటి తగిలినా, శాండ్‌స్టార్మ్ ఒక టర్న్ వీచినా దాని పని అయిపోయినట్టే. డబుల్స్‌లో (ఇద్దరికి ఇద్దరు) స్టెల్త్ రాక్ లాంటి హజార్డ్స్ వేసేవాళ్ళు తక్కువ కాబట్టి అక్కడ దానికి విలువ ఎక్కువ. అయినా ఉర్షీఫూ సర్జింగ్ స్ట్రైక్స్ మూడు దెబ్బలు కొడుతుంది: మొదటి దెబ్బకే శాష్ తెగుతుంది, రెండోదానికి పోకెమాన్ పోతుంది. దానికి మందు రాకీ హెల్మెట్. తాకిన ప్రతిసారీ కొట్టినవాడి హెచ్‌పీలో ఆరో వంతు తీస్తుంది కాబట్టి, ఉర్షీఫూ దగ్గర పంచింగ్ గ్లోవ్ లేకపోతే మూడు దెబ్బలకి వాడి సగం ప్రాణం పోతుంది. గార్‌చాంప్‌కి హెల్మెట్ పెట్టేవాళ్ళ కారణం కూడా ఇదే. దాని రఫ్ స్కిన్ ఎనిమిదో వంతు తీస్తుంది, రెండూ కలిపితే ఒక్క స్పర్శకి దాదాపు 29 శాతం. ఎదురయ్యేవాళ్ళు తాకకుండా దూరం నుంచి కొట్టే స్పెషల్ అటాకర్లే అయితే ఆ హెల్మెట్ చేతికి బరువు మాత్రమే.

అసాల్ట్ వెస్ట్ స్పెషల్ డిఫెన్స్‌ని 1.5 రెట్లు చేస్తుంది, కానీ స్టేటస్ మూవ్‌లు (దెబ్బ కొట్టనివి) వాడనివ్వదు. ఇన్సినరోర్‌కి వెస్ట్ తొడిగి పార్టింగ్ షాట్ కూడా ఉంచిన టీమ్‌లు ఇప్పటికీ కనబడుతున్నాయి. ఆ మూవ్ బటన్ నొక్కనివ్వదు, మూడు మూవ్‌లతో ఆడుతున్నట్టే. ఫేక్ ఔట్ దెబ్బ కొట్టే మూవ్ కాబట్టి పని చేస్తుంది. ఎవియోలైట్ ఇంకా పరిణామం మిగిలున్న పోకెమాన్‌కి రెండు డిఫెన్స్‌లూ 1.5 రెట్లు చేస్తుంది, చాన్సీ, పోరిగాన్ 2 నిలబడేది దాని మీదే.

అందుకే చాన్సీని చూడగానే అందరూ నాక్ ఆఫ్ వెతుక్కుంటారు. 2013లో ఎక్స్, వై వచ్చే వరకూ ఆ మూవ్ బలం 20. అప్పటి నుంచి 65, ఎదుటివాడి చేతిలో తీసేయగల ఐటెం ఉంటే 97.5. అంటే ఐటెం పట్టుకుని నిలబడినందుకే దెబ్బ పెరుగుతుంది, ఆ పైన ఐటెమూ పోతుంది. సింగిల్స్‌లో ప్రతి ఐటెంకీ ఈ పరీక్ష పెట్టండి: ఇది రెండో టర్న్‌లో పోతే ఈ పోకెమాన్ ఇంకా పనికొస్తుందా? పనికిరాదంటే నాక్ ఆఫ్ పడే టర్న్‌లో దాన్ని లోపల ఉంచకూడదు, ఆ దెబ్బ తినడానికి వేరేవాడు టీమ్‌లో ఉండాలి. పారడాక్స్ పోకెమాన్ చేతిలోని బూస్టర్ ఎనర్జీని నాక్ ఆఫ్ తీయలేదు. సగం హెచ్‌పీ దగ్గర తినేసి నాలుగో వంతు నింపే సిట్రస్ బెర్రీకి, ముందే తినేస్తే ఈ బెడద ఉండదు.

డబుల్స్‌కి వస్తే, వీజీసీ (అధికారిక పోకెమాన్ పోటీలు) నిబంధనల్లో టీమ్‌లో ఒక ఐటెం ఒక్కరికే. ఆరుగురికీ ఆరు వేర్వేరు ఐటెంలు. ఇక్కడ పంచుకునే వరస ముఖ్యం. ఏ ఐటెం లేకపోతే ఎవరు అసలు నడవరో వాళ్ళకి ముందు ఇవ్వండి. వేరేదానితో సర్దుకోగలిగినవాళ్ళు చివర్లో తీసుకుంటారు. ఇద్దరు శాష్ అడుగుతుంటే, ఒక దెబ్బ ఎలాగూ తట్టుకోగలిగేవాడికి కాదు, రెండోవాడికి ఇవ్వాలి. అమూంగస్ స్పోర్ మీకు నిద్ర లేకుండా చేస్తుంటే సేఫ్టీ గాగుల్స్, ఇంటిమిడేట్‌తో అటాక్ పడిపోతుంటే క్లియర్ అమ్యులెట్, ఫేక్ ఔట్‌కి ఆగిపోతుంటే కోవర్ట్ క్లోక్. ఇవి అంకెల్లో ఏమీ పెంచవు, అయినా నేను వీటిని లైఫ్ ఆర్బ్ కన్నా ముందు పంచుతాను. డబుల్స్‌లో ఒక టర్న్ పోవడం దెబ్బలో 30 శాతం తగ్గడం కన్నా పెద్ద నష్టం. చాయిస్ ఐటెంలు కూడా ఇక్కడ జాగ్రత్తగా ఇవ్వాలి. ఒకసారి ప్రొటెక్ట్ (ఆ టర్న్‌కి దెబ్బలు ఆపే మూవ్) నొక్కితే దానికే కట్టుబడిపోతారు, ఆ మూవ్ తీసేయాలి. 2023 నుంచి అధికారిక పోటీల్లో టీమ్ షీట్‌లు (ఎవరి చేతిలో ఏ ఐటెం ఉందో రాసిన జాబితాలు) ఇద్దరికీ కనిపిస్తాయి, స్కార్ఫ్ దాచిపెట్టి ఆశ్చర్యపరచడం అక్కడ కుదరదు. షోడౌన్ సింగిల్స్ లాడర్‌లో (ర్యాంకుల పోటీలో) ఇంకా కుదురుతుంది.

లెఫ్టోవర్స్ ఇచ్చేటప్పుడు హెచ్‌పీ 16తో భాగించి చూడండి. లెవెల్ 50లో ఇన్సినరోర్‌కి 252 ఈవీలు పెడితే 202, టర్న్‌కి 12 వస్తుంది. 172 ఈవీలు పెడితే 192, అప్పుడూ 12 వస్తుంది. మిగిలిన 80 ఈవీలు డిఫెన్స్‌లకి పెట్టి కాలిక్యులేటర్‌లో రెండు రకాలుగా దెబ్బ తినిపించి చూస్తే ఏది మేలో తెలుస్తుంది.

రాయగడ, కోరాపుట్ కొండల వైపు ఆడేవాళ్ళకి ఒక మాట. సిగ్నల్ పోయినా టైమర్ ఆగదు. లెఫ్టోవర్స్, విషం ఎక్కించే టాక్సిక్ మూవ్ నమ్ముకుని యాభై టర్న్‌లు లాగే టీమ్‌తో అక్కడ లాడర్ ఎక్కడం కష్టం, బేగి తేలిపోయే చాయిస్, శాష్, బూస్టర్ ఎనర్జీ సెట్‌లే మేలు. స్కార్లెట్, వయొలెట్ వీజీసీ ఆటలో మొత్తం 20 నిమిషాలు, ఒక్కొక్కరికి 7. ఆ 20 నిమిషాలూ అయిపోతే ఎక్కువ పోకెమాన్ మిగిలినవాళ్ళు గెలుస్తారు, అదీ సమానమైతే హెచ్‌పీ శాతం చూస్తారు. చివరి రెండు నిమిషాల్లో సిట్రస్ తిన్నవాడు లోపల ఉన్నాడా, లైఫ్ ఆర్బ్‌తో అరిగిపోయినవాడు ఉన్నాడా అన్నదాన్ని బట్టే అక్కడ ఫలితం మారుతుంది. కాబట్టి గడియారం చూసుకుని, ముందంజలో ఉంటే లైఫ్ ఆర్బ్‌వాడి చేత ప్రొటెక్ట్ వేయించండి.