కౌంటర్ వెనకాల కుర్రాడు

నిద్ర పట్టడం లేదు. అమెరికాలో చైనీస్ కుర్రాళ్ళ ముఠా మీద తీసిన సినిమా ఒకటి చూశాం. అది అయిపోయి చాలాసేపైంది, ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకు మాత్రం బావగారన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "మన పిల్లలు వెళ్ళలేదా అమెరికా? బుద్ధిగా చదువుకోలేదా? వీళ్ళ రక్తమే అంత" అనేసి, అరటితొక్క పళ్ళెంలో పడేసి లేచి వెళ్ళిపోయారు.

ఆయన ఎదుట నేను నోరు విప్పనని మీకు తెలుసు. అక్కడ మింగిన మాటలన్నీ ఇక్కడే కక్కుతాను.

సినిమా 'రివెంజ్ ఆఫ్ ది గ్రీన్ డ్రాగన్స్'. 2014లో వచ్చింది. "అమ్మా, మనం ఉన్న ఏరియానే, చూడు" అని చిన్నాడు ఎప్పణ్ణుంచో పోరుతున్నాడు. ఆండ్రూ లావ్, ఆండ్రూ లూ అని ఇద్దరు కలిసి డైరెక్ట్ చేశారు. హాంగ్‌కాంగ్‌లో ఆ లావ్ మరొకరితో కలిసి తీసిన పోలీసు సినిమానే తర్వాత హాలీవుడ్ దర్శకుడు స్కోర్సేసీ 'ది డిపార్టెడ్'గా తీశాడు. ఈ సినిమాకి ఆ స్కోర్సేసీయే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. కథ 1980ల నాటిది. సనీ, స్టీవెన్ అని ఇద్దరు చైనీస్ పిల్లలు, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా పెరుగుతారు. ముఠా ముందు ఒకణ్ణి లాగేస్తుంది, వాడి వెనకాలే రెండోవాడు. గ్రీన్ డ్రాగన్స్ ముఠా కల్పన కాదు, నిజంగానే ఉండేవాళ్ళు. 1992లో బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో వాళ్ళ మీద విచారణ నడిచింది. ఆ ఏడాదే న్యూయార్కర్ పత్రికలో ఫ్రెడ్రిక్ డానెన్ రాసిన వ్యాసం ఈ సినిమాకి ఆధారం.

క్వీన్స్‌లోని ఫ్లషింగ్ పేరు వినపడగానే లేచి కూర్చున్నాను. మనవాళ్ళకి ఫ్లషింగ్ అంటే బౌన్ స్ట్రీట్ వినాయకుడి గుడి. 1977లో కట్టారు. కింద క్యాంటీన్‌లో దోసెలు. ఏడో నంబరు రైలు ఆఖరి స్టేషన్లో దిగి, చిన్నాణ్ణి చంకనేసుకుని, చైనీస్ బోర్డుల మధ్యలోంచి నడుచుకుంటూ పోయేవాళ్ళం. ఆ వీధుల్లోనే ఆ రోజుల్లోనే ఇదంతా జరిగిందంటే ఒళ్ళు జలదరించింది.

సరే, రక్తం సంగతి. చైనావాళ్ళని రానివ్వకూడదని అమెరికా 1882లో చట్టమే చేసింది. 1943లో దాన్ని ఎత్తేసినప్పుడు ఏడాదికి 105 మందికి చోటిచ్చింది. అంతే, అంత పెద్ద దేశానికి నూట ఐదుగురు. 1965లో చట్టం మారాకే తలుపు సరిగ్గా తెరుచుకుంది. మన డాక్టర్లూ ఇంజినీర్లూ విమానమెక్కిందీ ఆ తలుపులోంచే. కాకపోతే మనలో వెళ్ళింది ఎవరు? డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళు. ఊళ్ళో పొలం పోయినవాడు, పదో తరగతి తప్పినవాడు వెళ్ళలేదే. వడపోసి కొందరినే పంపి, చూడండి మా జాతి ఎంత బుద్ధిమంతులదో అనడం ఏం న్యాయం?

చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం నుంచి దొంగతనంగా వచ్చినవాళ్ళ చేతిలో ఉన్నది అప్పు. దాటించే దళారుల్ని స్నేక్‌హెడ్స్ అనేవాళ్ళు. 1990ల మొదట్లో మనిషికి ముప్ఫై వేల డాలర్ల దాకా తీసుకునేవాళ్ళు. 1993 జూన్ 6న గోల్డెన్ వెంచర్ అనే ఓడ క్వీన్స్‌లోనే, రాక్‌అవే ఒడ్డు దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. అందులో 286 మంది. ఒడ్డుకి ఈదబోయి పదిమంది పోయారు. బతికినవాళ్ళని జైళ్ళలో పెట్టారు. పెన్సిల్వేనియాలో యార్క్ జైల్లో ఉన్నవాళ్ళు పాత పత్రికల కాగితాలు మడిచి పక్షులూ బొమ్మలూ చేశారు. చివరిదాకా మిగిలిన యాభై పైచిలుకు మందిని 1997లో క్లింటన్ వదిలిపెట్టేదాకా ఇంచుమించు నాలుగేళ్ళు లోపలే. వాళ్ళ రక్తం ఎలాంటిదంటారు బావగారూ?

బడి సంగతి కూడా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లల్ని క్లాసులో కూర్చోబెట్టి వదిలేశారు. అలా ఏ సాయమూ అందనివాళ్ళు పద్దెనిమిది వందల మంది. ఒక్క ముక్క అర్థంకాకుండా రోజంతా గోడ వైపు చూస్తూ కూర్చోవడం! లావ్ వర్సెస్ నికొల్స్ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళి, 1974లో గెలిస్తేగానీ అది తప్పని తేలలేదు. అమ్మ కుట్టుమిషను దగ్గర, నాన్న హోటల్ వంటింట్లో, ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. ఆ పిల్లాణ్ణి వీధిలో ఎవడో పేరు పెట్టి పిలిచి, కొత్త జాకెట్టు కొనిస్తే వెళ్ళడా మరి?

సినిమా మీదా కోపమొచ్చింది. ఈ వెళ్ళడం ఎలా జరుగుతుందన్నదే కదా అసలు కథ. దాన్ని గబగబా తేల్చేసి, కత్తులూ తుపాకులూ మాత్రం తీరిగ్గా చూపించారు. ఒక్కోచోట తల తిప్పుకున్నాను. పైగా వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు కూడా ఎక్కువగా ఇంగ్లీషే. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు కష్టమొస్తే ఏ భాషలో ఏడుస్తారు? చచ్చేది చైనావాళ్ళయినంతకాలం పోలీసులు పట్టించుకోలేదని గట్టిగా చెప్పారు, అది నచ్చింది. ఎఫ్‌బీఐ ఏజెంటుగా రే లియోట్టా కూడా బాగానే చేశాడు.

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళకి లేచాను. ఫ్రిజ్ దగ్గర నిలబడితే ఆ టేకవుట్ షాపు గుర్తొచ్చింది. క్వీన్స్‌లో మా అపార్ట్‌మెంటు కింది వీధిలో ఉండేది. లోపల బల్లలుండవు, గీతలు పడి మసకబారిన మందపాటి ప్లాస్టిక్ అద్దం, దానికో కిటికీ. అద్దం వెనకాల పధ్నాలుగేళ్ళ కుర్రాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి ఆర్డరు రాసుకుంటూ, వంటింట్లో నాన్నకి కేకేసి చెబుతూ, మధ్యలో లెక్కల పుస్తకం. కరెంటు ఆఫీసు ఉత్తరమొస్తే అమ్మకి చదివి చెప్పేదీ వాడే. గుడ్డు వేయని ఫ్రైడ్ రైస్ కోసం వెళ్ళేదాన్ని. ఓసారి వాడి ఆల్జీబ్రా తలకిందులుగా కనిపిస్తే, కిటికీలోంచి వేలు పెట్టి మైనస్ గుర్తు చూపించాను. అప్పట్నుంచి నేను వెళ్తే పుస్తకం నా వైపు తిప్పేవాడు. ఆర్డరు తయారయ్యేలోపు రెండు లెక్కలు. వాడి చేతిరాత ముత్యాల్లా ఉండేది, ఏడు అంకెకి మధ్యలో అడ్డగీత పెట్టేవాడు. చిన్నాడికి బిస్కట్టు ఇచ్చేవాడు.

వాళ్ళ కొత్త సంవత్సరం ముందు ఒక సాయంత్రం ముగ్గురు కుర్రాళ్ళొచ్చారు. నల్ల జాకెట్లు, నిక్కబొడుచుకున్న జుట్టు. కుండీలో చిన్న నారింజ మొక్క తెచ్చి లోపలికందించారు. నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, ఒక్క మాటా లేదు, ఎర్ర కవరు ఇచ్చాడు. వచ్చినవాళ్ళలో ఒకడు మన కుర్రాడి పుస్తకం మీద వేలితో తట్టి ఏదో అని నవ్వాడు. వాడు తలెత్తలేదు. పెన్సిల్ కాగితం మీదే ఉంది, కదలట్లేదు. వాళ్ళు వెళ్ళాక "ఎగ్ లేకుండానే కదా, ఆంటీ?" అన్నాడు నన్ను. ఆంటీ అనడం నేనే నేర్పాను. న్యూయార్క్ చైనాటౌన్ దుకాణాలకి పండక్కి ముఠాలు ఇలా మొక్కలు అంటగట్టి డబ్బు గుంజేవని తర్వాతెప్పుడో చదివాను.

ఇది రాశాక పైన రాసినదంతా ఇంకోలా కనిపిస్తోంది. ఇందాకట్నుంచి జాలంతా ఆ జాకెట్ల కుర్రాళ్ళ మీదే ఒలకబోశాను. వాళ్ళు దోచుకున్నది ఎవర్ని? అప్పు చేసి అదే దారిన వచ్చినవాణ్ణే. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్లో గోల్డెన్ డ్రాగన్ హోటల్లోకి దూరి జో బాయ్స్ ముఠా కాల్పులు జరిపింది. వా చింగ్ అనే పగముఠా కోసం వచ్చి అయిదుగుర్ని చంపారు, పదకొండు మందిని గాయపరిచారు. పోయినవాళ్ళలో ఒక్కడూ ముఠావాడు కాదు.

అదే అప్పు, అదే బడి, అదే వీధి. చేరినవాళ్ళు కొందరు, చేరకుండా అంట్లు తోముకున్నవాళ్ళు వాళ్ళకన్నా ఎన్నో రెట్లు. అలాగని బావగారి మాట ఒప్పుకోను. ఈ కుర్రాడికి నాన్న నాలుగడుగుల దూరంలో వంటింట్లో ఉన్నాడు. అందరికీ ఉండడు. కానీ పేదరికంవల్లే వెళ్ళారని తేల్చేస్తే, వెళ్ళనివాడు పడ్డ యాతన లెక్కలోకి రాదు. పెన్సిల్ కదలకుండా పట్టుకుని కూర్చోవడానికి ఎంత ఓర్పు కావాలి! దాన్నీ రక్తమని కొట్టిపారేస్తే ఎలా, పేదరికమని కొట్టిపారేస్తే ఎలా?

వాడి మీద ఎవరైనా సినిమా తీస్తే కదలకుండా చూస్తాను. ఈ సినిమాలాంటి వాటిలో దుకాణంవాడు తన్నులు తినడానికే కనిపిస్తాడు, మరుక్షణం కెమెరా తన్నినవాడి వెంట పోతుంది. అది పోకుండా ఆ షాపులోనే ఉండాలి. షట్టరు దించాక కవరులో పోయిన డబ్బు ఎలా పూడ్చాలా అని అమ్మా నాన్నా మాట్లాడుకోవడం చూపించాలి. ఎన్ని ప్లేట్ల ఫ్రైడ్ రైస్ అమ్మితే అంత వస్తుందో ఆ లెక్కా వాడే వేసి ఉంటాడు.