థోల్‌మోడ్ అని ఒక మాట ఉండేది

రెండు రోజులుగా ఒక పాత ఇంగ్లీష్ మాట నన్ను వదలట్లేదు. థోల్‌మోడ్. ఇప్పుడెవరూ వాడరు. ఓర్పు, సాధుగుణం రెండూ కలిసున్న మనిషిని ఒకప్పుడు అలా అనేవాళ్ళు. థోల్ అంటే భరించడం, మోడ్ అంటే మనసు, ఈరోజు మూడ్ బాలేదు అంటాం చూడండి, ఆ మూడే ఇది.

థోల్ ఎక్కడిదా అని వెతికితే ఎత్తడం, మోయడం అనే అర్థమున్న ధాతువు దగ్గర తేలింది, సంస్కృతంలో తుల కూడా దాన్నుంచే వచ్చింది, అంటే మన తులాభారం, తులం బంగారం దీనికి చుట్టాలే, త్రి అక్కడ త్రీ అయినట్టే ఇక్కడి త అక్కడ థ అయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నెమ్మదిగా ఉండేవాళ్ళని చేతకానివాళ్ళ కింద జమకట్టేస్తాం కదా, ఈ మాటలో మాత్రం వాళ్ళు బరువు ఎత్తి పట్టుకున్నవాళ్ళు.

12వ శతాబ్దంలో ఓర్మ్ అనే క్రైస్తవ సన్యాసి ఈ మాట వాడాడు. చదివేవాళ్ళు తప్పు పలక్కూడదని, అచ్చు పొట్టిదైన చోటల్లా తర్వాతి హల్లుని రెండుసార్లు రాసుకుంటూ పోయాడాయన, ఆయన రాసిన పద్యాల్లో మనకి మిగిలినవే దాదాపు 19,000 పాదాలు! తర్వాత ఫ్రెంచ్ నుంచి పేషెన్స్ వచ్చి కూర్చుంది, థోల్‌మోడ్ పోయింది. థోల్ ఒక్కటీ స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ వైపు ఇంకా జనం నోట్లో ఉంది.

మనకీ తాళిమి అని ఎంత మంచి మాట ఉందో, ఎవరైనా అనగా విని ఎన్నాళ్ళైందో.

మా అమ్మమ్మ అనేది. ఎండాకాలం ఏట్లో ఇసక తోడి చెలమ తీసేది, మొదట ఊరే నీళ్ళు బురదగా ఉంటాయి, కొబ్బరిచిప్పతో రెండు మూడుసార్లు తోడి పారబోసి, బిందె పక్కన పెట్టుకుని కూర్చునేది. ఓర్చినమ్మకి తేటనీళ్ళు అంటారే, అదే. నేను దాహమని ఆగలేక చిప్ప ముంచేసేదాన్ని, అంచు విరిగి ఇసకంతా లోపల పడి మళ్ళీ మొత్తం కలకబారేది. ఒక్క మాట అనేది కాదు. తడి చేత్తో అంచు సర్ది, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మొదటినుంచి కూర్చునేది.