కూడవెల్లి గుడి గడప

అలంపూర్ వెళ్దామని మొన్న జనవరిలో తెల్లారేసరికి మహబూబ్‌నగర్ బస్టాండ్‌కొచ్చాను. చలి కొరికేస్తోంది. రోడ్డు పక్కన టిబెట్ అక్క ఒకామె అప్పుడే స్వెటర్ల మూటలు విప్పుతోంది. ఒకటి బేరమాడితే "బోణీ" అని యాభై తగ్గించింది. ఆ మాట ఎక్కడ నేర్చుకుందోగానీ నాకు నవ్వొచ్చింది.

చిల్లర తీస్తుంటే ఆమె సంచిలోంచి ఫోటో అంటించిన చిన్న పుస్తకం జారిపడింది. విదేశీయురాలిగా నమోదైన పత్రం అది. ఐదేళ్లకోసారి రెన్యువల్. "పుట్టింది బైలకుప్పెలోనే కదా?" అన్నాను. మైసూరు దగ్గరున్న టిబెటన్ల కాలనీ అది. అమ్మానాన్నలు 1959లో పిల్లలుగా సరిహద్దు దాటారట. అన్న 1985లో పుట్టాడు, ఈమె 1988లో. మన చట్టంలో 1987 జులై 1కి ముందు ఇక్కడ పుడితే చాలు, పౌరులే. ఆ తర్వాతైతే తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. ఒకే ఇంట్లో అన్న భారతీయుడు, చెల్లెలు విదేశీయురాలు! 2019 పౌరసత్వ సవరణ చట్టం చూద్దామంటే, అందులో బౌద్ధులున్నారు గానీ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాళ్లే. టిబెట్ లేదు. శ్రీలంకా లేదు.

కర్నూలు బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయనది శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిపోయిన కూడవెల్లి ఊరు.

"వాళ్లకు మైసూరు దిక్కు భూములిచ్చిండ్రు కద బిడ్డా. మాకేమిచ్చిండ్రు? శ్రీశైలం నీళ్లకు 1981ల ఊరు పాయె, 1986ల జీవో 98 అచ్చె. ఇంటికో ఉద్యోగమన్నరు. తిరిగి తిరిగి చెప్పులరిగినయ్."

కాదనలేకపోయాను. అయినా ఆయన చేతిలో కోర్టుకెక్కడానికి ఒక జీవో నంబరుంది. శరణార్థికి అదీ లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం పెట్టలేదు, శరణార్థుల కోసం విడిగా చట్టమూ చేసుకోలేదు. అందుకే టిబెటన్లకో పద్ధతి, తమిళనాడు శిబిరాల్లోని శ్రీలంక తమిళులకో పద్ధతి. హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యాల దగ్గరున్న ఐరాస కార్డుకైతే మన సర్కారు దగ్గర విలువే లేదు. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో ఏదో ఒక చట్టంలో రాసిపెట్టండి, తర్వాత ఎంతసేపైనా కొట్లాడుకుందాం అంటాను నేను. పెద్దాయన ఒప్పుకోలేదు. "మొదాలు ఇంటోళ్లది చూడాలె" అన్నాడు.

అలంపూర్ చౌరస్తాలో దిగి షేర్ ఆటో ఎక్కాం. జోగులాంబ దర్శనం తొందరగానే అయింది. నవబ్రహ్మ ఆలయాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను వదిలేస్తున్నా. పెద్దాయన నన్ను నేరుగా సంగమేశ్వరాలయానికి తీసుకెళ్లాడు. చాళుక్యుల నాటి గుడి. కూడవెల్లిలో కృష్ణా, తుంగభద్ర కలిసేచోట ఉండేదాన్ని, ముంపుకు ముందే రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు.

ఆయన లోపలికి పోలేదు. వాకిట్లో వంగి గడప మీద అరచెయ్యి పెట్టాడు.

"చిన్నప్పుడు దీని మీదికెల్లే దుంకుతుంటిమి. మా నాయిన తిడుతుండె."

ఎండెక్కింది. స్వెటర్ విప్పి సంచిలో పెట్టుకుని, ఆయన లేచేదాకా పక్కనే నిలబడ్డాను.