ఎలుక లేని స్కాను

సెలవులకు అమలాపురం వచ్చాను గానీ మనసంతా విశ్వవిద్యాలయం సర్వర్ మీద నడుస్తున్న సిమ్యులేషన్ దగ్గరే ఉంది. చిట్టెలుకల కోసం పెట్ (PET) స్కానర్ ఒకటి రూపొందిస్తున్నాను. శరీరంలోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడికి చేరిందో బొమ్మగా చూపే యంత్రం అది. ప్రస్తుతానికి అది, కణాల ప్రయాణాన్ని కంప్యూటర్‌లో అనుకరించే గేట్ (GATE) సాఫ్ట్‌వేర్‌లో తప్ప మరెక్కడా లేదు.

ఈ రోజు మందులోని రేడియోధార్మిక పదార్థంగా ఫ్లోరిన్-18 తీసేసి గాలియం-68 పెట్టాను. గాలియానికి సైక్లోట్రాన్ అనే పెద్ద కణత్వరణ యంత్రం అక్కర్లేదు, దాన్ని పుట్టించే చిన్న జెనరేటర్ పెట్టె నుంచే తీసుకోవచ్చు. అందుకే దాని మీద ఆశ. చిక్కల్లా అది వెలువరించే పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్) చేసే ప్రయాణంతోనే. ఫ్లోరిన్‌ది నీటిలో సగటున 0.6 మిల్లీమీటర్లు వెళ్ళి ఎలక్ట్రాన్‌తో కలిసి అంతరిస్తుంది. అక్కడి నుంచి వ్యతిరేక దిశల్లో వెళ్ళే రెండు ఫోటాన్లనే స్కానర్ పట్టుకుంటుంది. గాలియంది దాదాపు 3 మిల్లీమీటర్లు పోతుంది. మనిషి స్కానులో ఇది అంతగా బాధించదు. పాతిక గ్రాముల ఎలుకలో మాత్రం చిన్న కణితి అంచు ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

మధ్యాహ్నం తోటలో కొబ్బరి దింపు జరుగుతుంటే అరుగు మీద కూర్చుని ఫలితాల ఫైలు తెరిచాను. ఒక వరుసలో ఫోటాన్ శక్తి 511 బదులు 402 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. పక్క గడిలో, ఎలుక శరీరంలోనే ఒకసారి చెదిరిందని గుర్తు. 350 నుంచి 650 వరకు అనుమతించే అసలు స్కానర్ దీన్ని మంచి ఫోటానుగానే లెక్కేసుకుంటుంది. సిమ్యులేషన్‌కు మాత్రం ప్రతి కణం పుట్టిన చోటు, ఆగిన చోటు తెలుసు. ఆ ఒక్క గడి కోసమే ఈ పని ఇంత ఇష్టం నాకు.

పశువైద్యుడైన మావయ్య వచ్చి తొంగి చూశాడు. "ఎలుకను కోయకుండానే మందు ఎక్కడికి చేరిందో తెలుస్తుందా?" అన్నాడు. తెలుస్తుందని, ఒకే ఎలుకను వారాల తరబడి మళ్ళీ మళ్ళీ చూడవచ్చని, అందుకే తక్కువ జంతువులు సరిపోతాయని చెప్పాను. అతనికి ఆ చివరి మాట బాగా నచ్చింది. నాకూ అంతే.

ఇక ఫోటాన్లను పట్టుకునే స్ఫటికాల వలయం వ్యాసం తేల్చాలి. చిన్నదైతే, రెండు ఫోటాన్లు సరిగ్గా వ్యతిరేక దిశల్లో వెళ్ళకపోవడం వల్ల వచ్చే తేడా తగ్గుతుంది. కానీ అంచున పుట్టినవి స్ఫటికాల్లోకి ఏటవాలుగా దూరి, వచ్చిన దారిని తప్పుగా చూపిస్తాయి. నేనైతే చిన్న వలయం వైపే మొగ్గుతాను, స్ఫటికంలో ఎంత లోతున తగిలిందో కొలవగలిగితే.

బొమ్మలో గరుకు సగానికి తగ్గాలంటే నాలుగింతల విఘటనాలు నడపాలి. అందుకే రాత్రంతా పడుతుంది. పడుకునే ముందు, చిన్న జంతువుల పెట్ స్కానర్లను పరీక్షించే 2008 నాటి నెమా (NEMA) ప్రమాణం ప్రకారం ఫాంటమ్, అంటే ఎలుకకు బదులు వాడే పరీక్ష నమూనా, పెట్టాను. అందులో 1 నుంచి 5 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాలుంటాయి. గాలియంతో 1 మిల్లీమీటరుది కనిపిస్తుందన్న ఆశ లేదు. 2 కనిపిస్తే చాలు.