పీఎస్5 కొన్నాక సంతోషం ఎక్కడ, బాధ ఎక్కడ: మన సీమ ఇళ్ళ లెక్క

సోనీ కంపెనీ ఆటల యంత్రం (కన్సోల్) ప్లేస్టేషన్ 5, అంటే పీఎస్5, మన దేశంలో అమ్మకానికి వచ్చింది 2021 ఫిబ్రవరి 2న. అప్పుడు డిస్క్ మోడల్ 49,990 రూపాయలు, డిస్కు పెట్టే చోటు లేని డిజిటల్ 39,990. సన్నబడిన స్లిమ్ 2024 ఏప్రిల్ 5న వచ్చింది: డిస్క్‌ది 54,990, డిజిటల్‌ది 44,990. ఇంత డబ్బు పోసి తెచ్చుకున్నాక యంత్రం బాగాలేదని అనేవాళ్ళు చాలా తక్కువ. బాధ పడేదంతా దాని చుట్టూ ఉన్నవాటితోనే. ఏ మూల పెట్టారు, ఏ కరెంటుకు తగిలించారు, ఏ నెట్ మీద ఆట దించుకుంటున్నారు, ఎవరి దగ్గర కొన్నారు. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ళకు ఈ లెక్కలు హైదరాబాద్ ఏసీ గదుల లెక్కల్లా ఉండవు కాబట్టి విడిగా చెప్పుకోవాల్సిందే.

ముందు సంతోషం సంగతి. పీఎస్4 నుంచి మారినవాళ్ళకు మొదట తెలిసొచ్చేది వేగం. నిమిషం పైగా లోడయ్యే చోట ఇప్పుడు కొన్ని సెకన్లు. ఎండాకాలంలో విమానంలా రొదపెట్టే పాత ఫ్యాన్ మోత లేదు. పాత పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ డిస్క్ మోడల్లో ఆడతాయి. డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌లో ట్రిగ్గర్ బిగుసుకోవడం, చేతికి వాన చినుకుల్లా తెలియడం ఎలా ఉంటుందో లోపలే ఉచితంగా ఉన్న ఆస్ట్రోస్ ప్లేరూమ్ చూపిస్తుంది. మొదటి రోజు డబ్బులు పెట్టి ఆట కొనకుండా దాన్నే ఆడండి. ఇంటికి అందరూ వచ్చే రంజాన్, సంక్రాంతి సెలవుల్లో రెండో కంట్రోలర్ ఉన్న ఇంట్లో కన్సోల్‌కు వచ్చే విలువ వేరు. క్రికెట్ 24, ఫుట్‌బాల్ ఆటలు, టెక్కెన్ 8 ఒంటరిగా ఆడేవి కావు. కన్సోల్ కొనేటప్పుడే రెండో కంట్రోలర్ డబ్బు పక్కన పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ తృప్తిగా ఉంటారు.

ఇక వేడి. సోనీ ఇచ్చిన కాగితంలో ఈ యంత్రం పనిచేయాల్సిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీలని ఉంటుంది. మే నెలలో కర్నూలులో బయట 42 దాటే మధ్యాహ్నం, పైన ఇంకో అంతస్తు లేని స్లాబు గదిలో లోపల కూడా 35 దాటుతుంది. దానికి తోడు మన ఇళ్ళలో టీవీ కింద, పక్కన గోడలోకి కట్టిన అల్మారా ఉంటుంది, అరలకు కడప బండ వేసి. చూడ్డానికి కన్సోల్ కోసమే కట్టినట్టుంటుంది గానీ అదే తప్పు చోటు. ఆ అర లోతు మామూలుగా అడుగు, అంటే 30 సెంటీమీటర్లు. మొదటి పీఎస్5ను పడుకోబెడితే 26 సెంటీమీటర్ల లోతు పడుతుంది, స్లిమ్ 21.6. వేడిగాలి వెనక నుంచి వస్తుంది, గోడకు కనీసం 10 సెంటీమీటర్లు వదలమని సోనీయే చెప్తుంది. లెక్క వేయండి: మొదటి మోడల్‌కు మిగిలేది 4, స్లిమ్‌కు 8 పైచిలుకు. అందులోనే కరెంటు తీగ, హెచ్‌డీఎంఐ తీగ వంగాలి. మూడు వైపులా గోడ ఉంటే వదిలిన వేడిగాలినే యంత్రం మళ్ళీ ముందు నుంచి పీల్చుకుంటుంది. గంట ఆడాక ఫ్యాన్ శబ్దం పెరుగుతుంది, తర్వాత వేడెక్కిందన్న హెచ్చరిక తెర మీద పడుతుంది, ఆపైన ఆగిపోతుంది. బాగుచేయించడానికి తీసుకుపోతారు, అక్కడ చల్లటి గదిలో ఏ లోపమూ కనబడదు.

విడిగా ఒక చిన్న టేబుల్ మీద, నాలుగు వైపులా గాలి ఆడేలా పెడితే చాలు. ఎయిర్ కూలర్ గాలి నేరుగా తగలకూడదు. తడి గాలి, దుమ్ము కలిస్తే ఫ్యాన్ రెక్కల మీద పొరలా అంటుకుంటుంది. నల్లరేగడి దుమ్ము లేచే ఊళ్ళలో మూడు నెలలకోసారి పక్క ప్లేట్లు తీసి చూసుకోవాలి. స్క్రూలు అక్కర్లేదు, ఎత్తి జరిపితే వస్తాయి. ముందు పూర్తిగా ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, చల్లారనివ్వాలి. మొదటి మోడల్లో దుమ్ము చేరడానికే పెట్టిన రంధ్రాలు కనబడతాయి, వాటి దగ్గర వ్యాక్యూమ్‌తో తక్కువ వేగంలో పీల్చాలి. ఫ్యాన్‌ను వేలితో పట్టుకుని ఆపి ఉంచండి, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. అంతకు మించి లోపలికి పోవద్దు. ప్రాసెసర్ మీద మామూలు పేస్టు కాదు, ద్రవరూపంలో ఉండే లోహం ఉంటుంది. అది కరెంటును పారనిస్తుంది. మొబైల్ షాపులో విప్పి ‘సర్వీసింగ్’ చేయిస్తే ఒక బొట్టు పక్కకు జారినా బోర్డు పోయినట్టే.

కరెంటు విషయంలో చాలామంది భయపడేది లో వోల్టేజీకి, కానీ అసలు భయం అది కాదు. ఈ యంత్రం 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకుంటుంది, సాయంత్రం 180కి పడినా ఏమీ కాదు. ప్రమాదం పైకి పోయినప్పుడే. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230 బదులు 400 దరిదాపుల్లో రావచ్చు. స్పైక్ గార్డ్ కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చిపోయే పోటును ఆపుతుంది గానీ ఆగకుండా వచ్చే హై వోల్టేజీని ఆపలేదు. హై వోల్టేజీ వస్తే లైను తెంచేసే టీవీ స్టెబిలైజర్ గానీ, మీటరు బోర్డులో ఓవర్ వోల్టేజీ ప్రొటెక్టర్ గానీ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ను ఆ పేరుతోనే అడగండి. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతో పాటు హెచ్‌డీఎంఐ తీగ కూడా పీకేయాలి. కేబుల్ టీవీ వైరు మీద వచ్చిన పోటు సెట్‌టాప్ బాక్సు, టీవీ మీదుగా హెచ్‌డీఎంఐ పోర్టులోకి దిగుతుంది. యంత్రం వెలుగుతూనే ఉండి తెర మీద బొమ్మ రాకపోతే మొదట అనుమానించాల్సింది ఆ పోర్టునే.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకు ఒక చిన్న పని ఉంది. ఇన్వర్టర్ మీద ‘యూపీఎస్’, ‘నార్మల్’ లేదా ‘ఎకో’ అని ఒక స్విచ్చు ఉంటుంది. నార్మల్‌లో కరెంటు పోయి బ్యాటరీకి మారడానికి పట్టే జాప్యం ఫ్యాన్లకు తెలియదు, కన్సోల్ మాత్రం ఆరిపోతుంది. యూపీఎస్ వైపు తిప్పితే చాలాసార్లు ఆట ఆగదు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితేనే ఈ పని చేయండి. పాత స్క్వేర్ వేవ్ వాటి మీద కన్సోల్ ఆడించకపోవడమే మంచిది. ఆట నడిచేటప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు, 43 అంగుళాల టీవీ 100 లోపు. రోజుకు రెండు గంటలైతే నెలకు 18 యూనిట్లు. కరెంటు తరచూ పోయే ఊరైతే రెస్ట్ మోడ్ (పూర్తిగా ఆరకుండా నిద్రలో ఉండడం) వాడకుండా పూర్తిగా ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి. రెస్ట్ మోడ్‌లో ఉండగా కరెంటు పోతే, తగిలించి ఉన్న యూఎస్‌బీ డ్రైవ్ చెడిపోయి మళ్ళీ ఫార్మాట్ అడిగే అవకాశం ఉంది.

స్టోరేజీ దగ్గర బాధ సాధారణంగా రెండో నెలలో మొదలవుతుంది. మొదటి మోడల్లో 825 జీబీ అని రాసి ఉన్నా ఆటలకు దొరికేది 667. స్లిమ్‌లో 1 టీబీకి దాదాపు 840. పెద్ద ఆట ఒక్కొక్కటి 100 జీబీ దాకా తింటుంది, కాల్ ఆఫ్ డ్యూటీ అయితే అన్ని భాగాలతో 200 కూడా దాటుతుంది. నిండిందని ఒకటి తీసేస్తే మళ్ళీ దించుకోవాలి. 100 జీబీ ఆటకు 100 ఎంబీపీఎస్ ఫైబర్ మీద రెండుంబావు గంటలు, 40 మీద అయిదున్నర, 15 ఎంబీపీఎస్ ప్లాను మీద దాదాపు 15 గంటలు. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్‌తో అదే ఆటకు యాభై రోజులు. ఫైబర్ ఇంకా చేరని పల్లెలో ఉన్నవాళ్ళు కన్సోల్ కంటే ముందు నెట్ సంగతి తేల్చుకోవాలి. డిస్కు కొన్నా తప్పదు, దాదాపు ప్రతి ఆటకూ పెద్ద అప్‌డేట్ ఉంటుంది.

దీనికి చవకైన మందు ఒకటుంది, చాలామందికి తెలియదు. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు, 250 జీబీ నుంచి 8 టీబీ లోపు ఏదైనా, హబ్ లేకుండా వెనక పోర్టులో నేరుగా తగిలించండి. పీఎస్5 ఆటలు దాని మీద నుంచి ఆడవు, కానీ దాచుకోవచ్చు. 100 జీబీని వెనక్కి కాపీ చేయడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, రాత్రంతా డౌన్‌లోడ్ కంటే ఎంతో నయం. పీఎస్4 ఆటలు మాత్రం దాని మీద నుంచే ఆడతాయి. లోపలి జాగా వాటితో వృథా చేయొద్దు.

డబ్బుంటే ఎం.2 ఎస్ఎస్‌డీ, అంటే కన్సోల్ లోపల బిగించే స్టోరేజీ కార్డు. 2021 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి ఇది పనిచేస్తోంది. కొనేటప్పుడు మూడు చూడండి: పీసీఐఈ జెన్4 అయి ఉండాలి, చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ లేదా ఎక్కువ ఉండాలి, హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు పలక) ఉండాలి. హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు, వెడల్పు 25 మించితే మూత పడదు. పీసీల కోసం అమ్మే ఎత్తు హీట్‌సింక్ రకాలు తెచ్చుకుని బాధపడేది ఇక్కడే. బిగించడం కష్టం కాదు. పక్క ప్లేటు తీయాలి, పొడవాటి లోహపు మూతకు ఉన్న ఒక్క ప్లస్ స్క్రూ విప్పాలి, లోపలి స్పేసర్‌ను 2280 గుర్తు దగ్గరికి మార్చాలి, కార్డును ఏటవాలుగా చివరిదాకా తోసి వంచి స్క్రూ వేయాలి. ఆన్ చేయగానే ఫార్మాట్ అడుగుతుంది. అడగకపోతే కార్డు పూర్తిగా దిగలేదని అర్థం. ఇదే ఊపులో సెట్టింగ్స్‌లో ట్రోఫీ వీడియోలు సేవ్ చేయడం ఆపేయండి, తెలియకుండా జాగా తింటాయి.

డిజిటల్ మోడల్ కొని బాధపడేవాళ్ళ లెక్క సూటిగా ఉంటుంది. విడుదల ధరల లెక్కన పదివేలు మిగిలాయనుకుంటారు. కొత్త పెద్ద ఆటలు అయిదువేల రూపాయల దరిదాపుల్లో ఉంటాయి. డిస్కు అయితే పూర్తి చేశాక అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ్ముడికి ఇవ్వచ్చు. అలా నాలుగైదు ఆటలు చేతులు మారేసరికే ఆ తేడా తీరిపోతుంది. స్లిమ్ డిజిటల్‌కు డ్రైవ్ తర్వాత తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేయడానికి నెట్ కావాలి. మొదటి డిజిటల్ మోడల్‌కు ఆ దారే లేదు. ఇంటర్ చదివే పిల్లల ఇంట్లో డిస్క్ మోడలే సరైనదని గట్టిగా చెప్తాను.

ఇంకొకటి, మూడొందలకో అయిదొందలకో ఆట అని అమ్మే అకౌంట్ల వ్యాపారం. వేరేవాళ్ళ అకౌంటు మీ కన్సోల్‌లో వేస్తారు. అమ్మినవాడు పాస్‌వర్డ్ మార్చిన రోజు ఆట తాళం గుర్తు పెట్టుకుని కూర్చుంటుంది, మీరు అడగడానికి రసీదు కూడా ఉండదు. మీ అకౌంటు మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో, రెండంచెల ధ్రువీకరణతో చేసుకోండి.

కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ నుంచి వచ్చే కన్సోల్ మాట వేరే చెప్పాలి. బావో మామో తెచ్చిన పెట్టె బాగానే ఆడుతుంది, ఆటలకు దేశం తాళం లేదు. కరెంటు తీగ మాత్రం మూడు పలకల పెద్ద ప్లగ్గుది. అడాప్టర్ వదులుగా ఉండి నిప్పురవ్వలు వస్తాయి కాబట్టి దాన్ని పక్కన పడేసి, టేప్‌రికార్డర్‌కు వాడే ఎనిమిది అంకె ఆకారం రెండు పిన్నుల తీగ, ఐఎస్‌ఐ గుర్తున్నది కొనండి. అక్కడి డిస్కు వేసి, ఇక్కడి అకౌంటుతో అదనపు భాగాలు కొంటే అవి కలవకపోవచ్చు. డిస్కు ఏ ప్రాంతానిదో అకౌంటూ అదే ప్రాంతానిది కావాలి. వారంటీ ఇక్కడ నడవదు, ఆ మేరకు ధర తక్కువైతేనే లాభం.

టీవీ దగ్గర పొరపాటు చిన్నదే అయినా చాలా ఇళ్ళలో ఉంటుంది. 4కె టీవీ, 4కె కన్సోల్, అయినా రంగులు పాలిపోయి ఉంటాయి. టీవీలో ఆ పోర్టుకు పూర్తి సిగ్నల్ తెరవాలి: శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్. పెట్టెలో వచ్చిన హెచ్‌డీఎంఐ తీగనే వాడి, టీవీలో గేమ్ మోడ్ వేయండి. అది లేకపోతే బ్యాట్ ఊపింది బంతి దాటాక కనబడుతుంది. 120 హెర్ట్‌జ్ (సెకనుకు 120 బొమ్మలు) లేని టీవీ అని దిగులు అక్కర్లేదు, ఎక్కువ ఆటలు 60కే చేసినవి.

నింటెండో కంపెనీ చేతిలో పట్టుకు ఆడే కన్సోల్ స్విచ్ 2 గురించి అడిగేవాళ్ళు పెరిగారు. 2025 జూన్ 5న విడుదలైంది, మనకు వచ్చేవి బయటి నుంచి తెచ్చినవే. జపాన్‌లో 49,980 యెన్లకు విడుదలైన రకం చవగ్గా దొరుకుతుంది. కానీ అందులో భాష జపనీసే, ఆ దేశపు అకౌంటే పనిచేస్తుంది. పెట్టె తెరవకముందే ఏ రకమో అడగండి. లోపల 256 జీబీ, పాత మైక్రోఎస్‌డీ కార్డులో ఆటలు పెట్టలేరు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అని రాసినదే కావాలి. కొన్ని ఆటల డబ్బా మీద గేమ్-కీ కార్డ్ అని ఉంటుంది, అంటే కార్డులో ఆట లేదు, మొత్తం నెట్ మీద దించుకోవాలి, ఆడేటప్పుడు కార్డూ లోపల ఉండాలి. తెర మీద కంపెనీ అంటించిన సన్నటి పొర ఉంటుంది, అది రవాణా కోసం వేసిన ప్లాస్టిక్ అనుకుని పీకొద్దు. అద్దం పగిలితే ముక్కలు చెదరకుండా ఆపేది అదే, గార్డు వేయాలంటే దాని మీదే వేయాలి.

కంట్రోలర్ పుల్ల దానంతట అది జరగడం ఏ కంపెనీ కన్సోల్‌లోనైనా వచ్చే జబ్బే. లోపలి సెన్సర్ రాపిడికి అరుగుతుంది, దుమ్ము దాన్ని త్వరపెడుతుంది. మొదట యూఎస్‌బీ తీగతో కలిపి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి. తర్వాత ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (పుల్ల కొంచెం కదిలినా ఆట పట్టించుకోని మేర) కాస్త పెంచండి. ఆడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి. ఏడాది వారంటీ కంట్రోలర్‌కూ ఉంటుంది కాబట్టి పదకొండో నెలలో ఒకసారి రెండు పుల్లలూ పరీక్షించుకోండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని ఉంటే అప్పుడు వాదన ఉండదు. షాపువాళ్ళు చేతిరాత చీటీ ఇస్తే కొనే రోజే కాదనండి.