మీరొచ్చిన చోట ఇది ఖాళీ రోడ్డేనేమో

"మీరొచ్చిన చోట ఇది ఖాళీ రోడ్డు కిందే లెక్కేమో. మాకు కాదు."

ఊళ్లో కొత్త కట్టడాలకు అనుమతులిచ్చే ప్లానింగ్ కమిషన్ విచారణలో మైకు ముందు నిలబడి ఒక పెద్దాయన నావైపు చూస్తూ అన్న మాట ఇది. ఆయనకిచ్చిన మూడు నిమిషాలూ దానితోనే ముగిశాయి. చప్పట్లు బాగానే పడ్డాయి.

నేను కాలిఫోర్నియాలో ట్రాఫిక్ కన్సల్టెంటుని. ఎక్కడైనా కొత్త కట్టడం వస్తోందంటే, దానివల్ల రోడ్ల మీద ఎంత భారం పడుతుందో లెక్కగట్టి రిపోర్టు రాయడం నా పని. ఆ రోజు చర్చకొచ్చింది రైల్వే స్టేషన్ పక్కన కట్టబోయే అపార్ట్‌మెంట్లు. చెప్పుకోదగ్గ ప్రభావం లేదని నా రిపోర్టు. తన వీధి చివరి సిగ్నల్ దగ్గర సాయంత్రాలు ఇంకో రెండు మూడు సెకన్లు ఆగాల్సొస్తుందని ఆయన బాధ.

ఒకప్పుడైతే ఆ వాదనకు చాలా బలం ఉండేది. సిగ్నల్ దగ్గర బండి సగటున ఎంతసేపు ఆగుతుందో చూసి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు వేస్తారు. 55 సెకన్లు దాటితే ఈ, 80 దాటితే ఎఫ్. గ్రేడు పడిపోతే బిల్డరు రోడ్డు వెడల్పు చేయాలి, లేదా ఇళ్లు తగ్గించుకోవాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అప్పటికే రద్దీగా ఉన్న ఊరి నడిబొడ్డున ఆ పరీక్ష పాసవడం కష్టం, ఊరి బయట ఖాళీ నేలల్లో సులువు. దాంతో ఇళ్లు దూరం జరిగాయి. అక్కడ చేరినవాళ్లంతా కారెక్కి మళ్లీ ఈ సిగ్నల్‌కే వచ్చారు. అందుకే రాష్ట్రం 2013లో ఎస్‌బీ 743 చట్టం చేసింది. 2020 జూలై నుంచి పర్యావరణ సమీక్షలో సెకన్లకు చోటు లేదు. కొత్త కట్టడం వల్ల జనం ఎన్ని మైళ్లు కారు నడుపుతారన్నదే లెక్క. ముఖ్యమైన స్టేషన్‌కు అర మైలు లోపుంటే, ప్రభావం పెద్దగా ఉండదన్న అంచనాతోనే మొదలుపెడతాం.

ఇదంతా ఆయనకు మర్యాదగా చెప్పాను. నోటిదాకా వచ్చి ఆగింది వేరే. మీరొచ్చిన చోట అన్నారు కదా, మా హైదరాబాద్‌లో సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పనికెళ్లే మనిషిని ఈ మైళ్ల లెక్కలో పెట్టి చూడండి. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరైనా అతని దరిదాపులకు వస్తారా?

కారులో ఇంటికెళ్తూ (అవును, నేనూ కారే) ఇదే నెమరేసుకున్నాను. అయితే ఎంత సమర్థించుకున్నా ఒక చోట నోరు పడిపోతోంది. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి 2006లో ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి టవర్లు లేస్తాయి. అదే ఏడాది వచ్చిన కేంద్ర ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ భవన నిర్మాణాలను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలి, ఫైలులో ట్రాఫిక్ అంచనాలూ ఉంటాయి. పక్క వీధివాడికి మాత్రం మైకు లేదు. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిందని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకటే సంబరం. ఆ కార్లన్నీ ఏ జంక్షన్‌లో పడతాయని ఒక్కరూ అడగలేదు. అడిగినా ఎవరినని అడుగుతారు? మణికొండలో ఉండే మా బావైతే ట్రాఫిక్ గురించి ఎండాకాలం గురించి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

రెండు మూడు సెకన్ల కోసం ఇన్ని కుటుంబాల ఇళ్లను ఆపబోవడం నాకు ఇప్పటికీ స్వార్థంలాగే కనిపిస్తుంది. కమిషన్ అనుమతిచ్చింది, నడిచేవాళ్లు రోడ్డు దాటడానికి కొత్త క్రాసింగ్ వేయాలని, పార్కింగ్‌ను అద్దెలో కలపకుండా విడిగా ఇవ్వాలని షరతులు పెట్టి. పెద్దాయన ఊరుకోలేదు. సిటీ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకున్నాడు. నా రిపోర్టు మొత్తం చదివి, పేజీ నంబర్లతో సహా అభ్యంతరాలు రాసి పంపాడు. ఒళ్లు మండుతూనే ఉంది. కానీ నా క్లయింట్లే అంత శ్రద్ధగా చదవరు.